అన్న పూశాడు, కాయలేదు

నేను ఒక కత్తెరను. ఆ మాట వినగానే మీ మనసు గుడ్డ వైపో జుట్టు వైపో పోతుంది. దయచేసి రెండింటినీ వదిలేయండి. గుడ్డ కోసే కత్తెరకు దర్జీ ఉన్నాడు, జుట్టు కోసే కత్తెరకు అద్దం ఉంది, నాకు ఉన్నది చెట్టు. నన్ను కొమ్మ కత్తెర అంటారు. నాకు రెండు పెదవులు. ఒకటి వాడియైనది, వంపు తిరిగినది. రెండోది మొద్దుది, కొమ్మను కదలకుండా పట్టుకునేది. నడుమ ఒక స్ప్రింగు. వాడి పెదవి కోస్తుంది, మొద్దు పెదవి ఓర్చుకుంటుంది, స్ప్రింగు ఇద్దరినీ విడదీసి మళ్ళీ పనికి పంపుతుంది. చాలా సంసారాలు ఈ పద్ధతిలోనే నడుస్తాయని తరువాతి కాలంలో తెలుసుకున్నాను.

నేను పుట్టింది ఉత్తరాదిన ఒక కార్ఖానాలో. ఎర్రగా కాలాను, నీళ్ళలో మునిగి బుస్సుమన్నాను, రాతి మీద రాసుకుని మెరిశాను. చేతిపట్టులకు ఎర్రని తొడుగు తొడిగి, నన్ను ఒక అట్టపెట్టెలో పడుకోబెట్టారు. ఆ పెట్టె మీద ఎర్రని ఆపిల్ పండు బొమ్మ ఉండేది. నా బతుకు ఆపిల్ తోటలలోనే గడుస్తుందని, మంచుకొండల గాలి పీలుస్తానని, పండ్ల వాసనలో తుప్పు పడతానని ఆ చీకటిలో ఊహించుకున్నాను. పెట్టె తెరుచుకునేసరికి చిత్తూరు సీమ, మదనపల్లి పట్టణం, ఇనుప సామాన్ల అంగడి. ఎదురుగా కనబడిన మొదటి పండు టమాటా.

నన్ను మొదట కొన్నవాడు హార్సిలీ కొండ మీద ఒక అతిథిగృహానికి తోటమాలి. కొన్నేళ్ళు అతని చేతిలో క్రోటన్ కంచెను చదును చేశాను. మేము చదును చేస్తాం, విడిదికి వచ్చినవారు దాని మీద తువ్వాళ్ళు ఆరవేసి వంకర చేస్తారు, మేము మళ్ళీ చదును చేస్తాం. ప్రభుత్వపు పని అంటే ఏమిటో అక్కడ గ్రహించాను. అతను కొండ దిగి వెళ్ళిపోతూ గుర్రంకొండ దగ్గర చామంతి తోట ఉన్న ఒక ఆమెకు నన్ను ఇచ్చిపోయాడు. ఆమె చేతిలో పువ్వులు కోశాను. పువ్వుల బుట్టలతో బస్సెక్కిన ఆమె ఒకనాడు బుట్టలన్నీ జాగ్రత్తగా దించుకుని, నన్ను మాత్రం సీటు మీద మరచిపోయింది.

ఆ బస్సు కండక్టరు పేరు చెంగల్రాయుడు.

"ఇదెవురిది? ఈ కత్తెర ఎవురిది?" అని ఆయన ప్రతి స్టాపులోనూ నన్ను ఎత్తి చూపించాడు. ఆ గొంతు మనిషి గొంతు కాదు, బస్సు హారనుకు అన్నగారు. ఎవరూ నన్ను తమదనలేదు. డిపోలో దిక్కులేని సామాన్లకు ఒక బీరువా ఉంది. ఒంటి చెప్పులు, గొడుగులు, మూతలేని టిఫిను క్యారియర్లు, ఎవరివో కట్టుడు పండ్లు, వాటి నడుమ నేను. ఆ పండ్లు నన్ను చూసి చాలాకాలం నవ్వాయి. చెంగల్రాయుడు పదవీ విరమణ చేసిన రోజున ఆయనకు శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు. బీరువా దులుపుతున్న గుమాస్తా, "తెచ్చినోడివి నువ్వే కదన్నా, దీన్ని కూడా ఎత్తకపో," అని నన్ను ఆ శాలువాలో చుట్టాడు.

ఇక్కడ మనుషుల గురించి ఒక మాట చెప్పాలి. చెట్టున్నవాడు కత్తెర కొంటాడు, అది లోకరీతి. కత్తెర దొరికినందుకు చెట్టు వెతుక్కున్నవాడు నా యజమాని ఒక్కడే. ఆయనవి టికెట్ పంచ్ పట్టిన చేతివేళ్ళు. జీవితమంతా టికెట్లకు చిల్లులు పొడిచి, కమ్మీల మీద టకటకలాడించిన వేళ్ళు. ఇంట్లో ఊరక కూర్చున్న ఆ వేళ్ళకు నేను దొరికాను. వారం తిరగకుండానే ఆయన భార్య దాక్షాయణి పెరటిలో నిలబడి గొంతెత్తింది.

"మల్లెను మొండి చేసినావు, గోరింటకు గుండు కొట్టినావు, కరివేపాకు చెట్టును చూస్తే తిరపతి పోయొచ్చినట్టుండాది! అది ఇంగ చిగిరిస్తాదా? ఆ చేతికి పని కావాల్నంటే నీదంటూ ఒక చెట్టు నాటుకోపోయ్యా! నా చెట్ల జోలికి రాకు!"

కరివేపాకు చిగిర్చలేదు. చెంగల్రాయుడు మాత్రం ఆ మాట పట్టుకున్నాడు. బతుకంతా కదిలే బండిలో నిలబడినవాడు. ఎక్కేవాళ్ళను ఎక్కించి, దిగేవాళ్ళను దించి, ఎక్కడా తాను ఆగనివాడు. కదలనిదాన్ని ఒకదాన్ని సాకాలని, అది తన కళ్ళ ముందే ఉండాలని ఆయనకు లోలోపల ఎప్పటినుంచో ఉంది. బెంగుళూరు దారిలో రోజూ కనబడే నర్సరీకి వెళ్ళి, టికెట్టు కొనుక్కున్న ప్రయాణికుడిలా మొదటిసారి దర్జాగా దిగి, ఒక అంటుమొక్క తెచ్చాడు. ఆపిల్ మొక్క! ఉడుకు నేలలలో కూడా కాసే రకమట. నా అట్టపెట్టె మీది బొమ్మ గుర్తుకువచ్చి నా స్ప్రింగు వణికింది.

మొక్కకు తగిలించిన చీటీ మీద ఇంగ్లీషు అక్షరాలతో ఆ రకం పేరు ఉంది. చెంగల్రాయుడు బస్సు బోర్డు చదివినట్టు బిగ్గరగా చదివాడు: "అన్న."

"అన్నా? ఎవరికి అన్న?" అన్నది దాక్షాయణి.

"సీమదేశంలో అది ఆడమనిషి పేరని చెప్పినారు. ఆడ ఏమన్నా కానీ, మదనపల్లిలో అన్న అంటే అన్నే."

ఆ విధంగా చెట్టు అన్న అయింది. అన్న పెరిగాడు. గోడ ఎత్తు దాటాడు. నన్ను ఆయన ఆ చెట్టు పంగలోనే తగిలించేవాడు కనుక, అక్కడినుండి నాకు రెండు పెరళ్ళు కనబడేవి. ఇటు మాది. అటు దాక్షాయణికి సొంత అన్న అయిన మునిరత్నానిది. ఆయన టమాటా మండీలో దళారి. ఆయన భార్య అమరావతి. దాక్షాయణికి వదిన. ఆ ఇంటికీ ఈ ఇంటికీ కూరగిన్నెలు, కోపతాపాలు గోడ మీదుగానే నడిచేవి.

ఆపిల్ చెట్టును సాకడం వింత విద్య. అది చలిదేశపు ప్రాణి. చలికాలంలో ఆకులు రాల్చి నిద్రపోతే గాని వేసవికి ముందు పూయదు. మదనపల్లి చలికి మనుషులు శాలువా కప్పుకుంటారే గాని ఆపిల్ చెట్లు నిద్రపోవు. కనుక మార్గశిరం రాగానే నీళ్ళు తగ్గించి, ఆకులన్నీ చేత్తో దూసేసి, ముదురు కొమ్మలు నాతో కత్తిరించి, ఇది మంచుదేశమే, నీవు పడుకో అని చెట్టును నమ్మించాలి. చెట్టును మోసగించడం అనే ఈ విద్యకు మనుషులు తోటపని అని పేరు పెట్టుకున్నారు.

మొదటి ఏడు చెంగల్రాయుడు ఆకులు దూస్తుంటే వీధిలో పోయే పాలాయన సైకిలు ఆపాడు.

"ఏమన్నా, చెట్టు మీద కోపమా?"

"కోపం కాదప్పా, నిద్రపుచ్చతా ఉండా."

"గుడ్డలు గుంజేస్తే ఎవురికి నిద్ర పడతాది సామీ!"

కాని నిద్ర పట్టింది. మాఘం వచ్చేసరికి మొండికొమ్మల మీద మొగ్గలు గులాబిరంగున ఉబ్బాయి, తెల్లగా విచ్చాయి. వీధి వీధంతా వచ్చి చూసింది. పూలు విరబూశాయి, వారం నవ్వాయి, నేల రాలాయి. ఒక్క పిందె నిలవలేదు. మరుసటి ఏడూ అంతే. ఆ తరువాతి ఏడూ అంతే. పాలాయన ఉదయం పాలు పోస్తూ, "అన్న కాసినాడా?" అని అడిగేవాడు. "అన్న పూసినాడు, కాయలేదు," అని దాక్షాయణి చెంబు ముందుకు చాపేది. ఆ మాట వీధిలో పాకింది. పరీక్ష తప్పిన పిల్లలను చూసి, ఎన్నికలో ఓడిన నాయకుణ్ణి చూసి, తిరిగి వెళ్ళిపోయిన మబ్బును చూసి, "అన్న పూసినాడు, కాయలేదు," అనడం ఆ వీధివాళ్ళకు అలవాటైంది. చెంగల్రాయుడు నవ్వేవాడు. నవ్విన తరువాత నన్ను అనవసరంగా టకటకలాడించేవాడు. ఆ చప్పుడులో నవ్వు ఉండేది కాదు.

చివరికి దాక్షాయణి తీర్పు చెప్పింది. "ఈ ఉగాది దాకా చూస్తా. అప్పటికీ కాయ కనపడకపోతే కొట్టేయించి, ఆ చోట్లో కరివేపాకు పెడతా. అదైతే దినామూ తిరగమోతకన్నా వస్తాది." అన్నంత పనీ చేసే మనిషి. ఆ సాయంత్రమే ఒక డబ్బాలో కరివేపాకు మొక్కను తెచ్చి, అన్న మొదట్లో, కొలత చూసినట్టు, నిలబెట్టింది. నేను చెట్టు పంగలో ఉండి ఆ డబ్బాను చూశాను. ఉరికంబం ముందు కొబ్బరికాయ కొట్టినట్టుంది నాకు.

చెంగల్రాయుడు నర్సరీకి ఫోను చేశాడు. ఫోనులో అవతలి మనిషి నవ్వి, "ఒక్క చెట్టేనా పెట్టింది?" అన్నాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఈ రకానికి తన పుప్పొడి తనకు పనికిరాదు. పక్కన ఇంకో రకం ఆపిల్ చెట్టు ఉండాలి. రెండూ ఒకే కాలంలో పూయాలి. దాని పుప్పొడి దీని పువ్వులో పడాలి. అప్పుడే కాయ. ఇన్నేళ్ళూ మా అన్న తప్పు ఏమీ లేదు. పెళ్ళికాని అన్నను పట్టుకుని పిల్లలేరీ అని వీధి అంతా అడిగింది.

జోడీ రకం పేరు గోల్డెన్. రెండేళ్ళ అంటు, ఈ ఏడే పూత పడుతుందట. బస్సులో వేసి పంపుతామన్నారు. చిక్కల్లా ఒక్కటే. మా పెరటిలో ఎండ తగిలే చోటంతా అన్నదే. ఇంకో చెట్టుకు చాలిన ఎండ ఉన్నది గోడకు అవతల, అమరావతి పెరటిలో, పగిలిన రోలు పడి ఉన్న మూలలో.

ఆ సంగతినే ఆలుమగలు చెట్టు కింద నిలబడి మాట్లాడుకున్నారు. చెంగల్రాయుడిది బస్సు గొంతు. గుసగుసలాడినా చివరి సీటుదాకా వినబడుతుంది. గోడకు అవతల అమరావతి తడిగుడ్డలు పిండుతున్నది. ఆమె చేతులు ఆగిపోవడం నేను పైనుంచి చూశాను. ఆమెకు వినబడినదేమిటో నా మాటలలో కాక, వారి మాటలలోనే వినండి.

"అన్న ఒంటిగా ఉండేంత కాలం ఇంతేమే. పక్కన ఇంకొకతి రావాల."

"రానీ. నాకేం కష్టం? యాడ దొరుకుతాది?"

"బెంగుళూరులో మాట్లాడినా. గోల్డెన్ అంట పేరు. మంచి రంగంట. బేస్తవారం సాయంత్రం బస్సుకు ఎక్కిస్తామన్నారు."

"అన్నకు సరిపోతాదా?"

"ఈడూ జోడూ కుదురుతాదంట. మాట ఇచ్చేసినా."

"వదినకు చెప్పాల్నా?"

"ఇప్పుడే చెప్పొద్దు. కండ్లతో చూస్తే ఆయమ్మే ఒప్పుకుంటాది. చోటు కావాల్సింది ఆయమ్మ ఇంట్లోనే కదా!"

అమరావతి చేతిలోని చీర నీళ్ళు కారుతూ అలాగే ఉండిపోయింది. నేను అరవాలనుకున్నాను. కత్తెరకు రెండు పెదవులున్నా మాట లేదు. అది చెట్టమ్మా, చెట్టు, అని చెప్పడానికి నేను చేయగలిగినదల్లా గాలికి ఊగి కొమ్మను తట్టడమే. ఆమె తలెత్తి చూసి, కాకి అనుకుని, అదిలించింది.

ఆమెను తప్పు పట్టడానికి కూడా లేదు. వీధంతా చెట్టును అన్న అంటుందని ఆమెకూ తెలుసు గాని, పక్కన ఇంకొకతి రావాలనే మాట చెవిన పడ్డాక ఏ ఇల్లాలికీ చెట్టు గుర్తుకురాదు, మొగుడే గుర్తుకొస్తాడు. మునిరత్నం ఆ మధ్యనే మీసానికి రంగు వేయడం మొదలుపెట్టాడు. మండీలో కుర్రదళారులు తాతా అని పిలుస్తున్నారని ఆయన బాధ. ఆ బాధ ఇంట్లో చెప్పుకోలేదు. రంగు మాత్రమే కనబడింది. అరవై దాటిన మనిషికి మీసం నల్లబడటానికి ఇంతకాలం అమరావతికి కారణం తోచలేదు. ఇప్పుడు బెంగుళూరు నుంచి కారణం బస్సెక్కుతున్నది.

ఆ వారమంతా ఆ ఇంటి పప్పులో ఉప్పు ఎక్కువైంది.

"నీకు నేనేం తక్కువ చేసినా?" అని ఆమె అడగడం విన్నాను.

"ఏమీ తక్కువ లేదు అమరా," అన్నాడు ఆయన నీళ్ళు తాగుతూ. "ఉప్పే ఎక్కువ."

బేస్తవారం వచ్చింది. గోనె తాళ్ళు కోయడానికని చెంగల్రాయుడు నన్ను సంచిలో వేసుకుని బస్టాండుకు వెళ్ళాడు. సంచి అంచు నుంచి తొంగిచూస్తే, చెరకురసం బండి వెనక కొంగు నెత్తిన వేసుకుని అమరావతి నిలబడి ఉంది. బెంగుళూరు బస్సు వచ్చి ఆగింది. అందరికంటే ముందు ఒక యువతి దిగింది. పసుపుపచ్చ పట్టుచీర, చేతిలో పెట్టె, ముఖంలో కొత్త ఊరి తికమక. కండక్టరు కోసం ముందుకు వస్తున్న చెంగల్రాయుణ్ణి ఆపి, "అన్నా, ఆటోలు ఎక్కడ ఉంటాయి?" అని అడిగింది.

"ఆగమ్మా, ఆగు!" అమరావతి చెరకుపిప్పి తొక్కుకుంటూ వచ్చిపడింది. "ఆటో ఎక్కి ఎవురింటికి పోతావు? మా ఇంటికేనా?"

"మీ ఇల్లేదో నాకేం తెలుసమ్మా?"

"తెలీదా? బెంగుళూరు నుంచే కదా నువ్వు?"

"అవును. ఇక్కడ బ్యాంకులో ఉద్యోగం వచ్చింది."

"నీ పేరేంది?"

"సువర్ణ."

అమరావతి చెంగల్రాయుడి వైపు తిరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళు, గొంతులో నిప్పు. "గోల్డెన్ అన్నావు కదన్నా! ఇంగిలీషులో చెప్తే నాకు తెలీదనుకుంటివా? ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని నేను! ఆయప్పకు బుద్ధి లేకపోతే నీకు లేదా? సొంత వదిన బతికుండంగా ఇంకొకతిని తెస్తుంటే, రానీ అనేదానికి దాక్షాయణికి నోరెట్లా వచ్చె?"

చెంగల్రాయుడు నోరు తెరిచాడు, మూశాడు, అచ్చు నాలాగే. చుట్టూ జనం చేరారు. సువర్ణ పెట్టెను గుండెకు అడ్డం పెట్టుకుంది. అప్పుడే బస్సు లోపలినుండి కండక్టరు కేక వేశాడు.

"అన్నా, నీ గోల్డెన్‌ను దించుకోన్నా! డ్రైవరు కాళ్ళకు అడ్డం పడి ఊరి దాకా తన్నించుకొనిందీ!"

ఇంజను పక్కనుంచి గోనెలో చుట్టిన పొడుగాటి మూట దిగింది. చెంగల్రాయుడు నన్ను బయటికి తీశాడు. ఒక తాడు, ఇంకొక తాడు, మరొక తాడు. గోనె జారిపోయింది. నల్లని సంచిలో, నలిగిన నాలుగు కొమ్మలతో, దుమ్ము పట్టిన ఆకులతో సిగ్గుపడుతున్నట్టు ఒక ఆపిల్ మొక్క నిలబడింది. దాని మెడలో చీటీ.

"ఇదే చెల్లెమ్మా," అన్నాడు ఆయన. "అన్నకు తెచ్చింది దీన్నే. మా పెరట్లో ఉండే అన్నకు. చెట్టుకమ్మా, చెట్టుకు!"

చెరకురసం యంత్రం గంట మోగింది.

"నేను వెళ్ళొచ్చా?" అన్నది సువర్ణ.

"పో తల్లీ. చల్లగా ఉండు," అన్నది అమరావతి కొంగుతో ముఖం తుడుచుకుని. ఆమె రెండడుగులు వేశాక, "ఏమనుకోవద్దు. చీర బాగుండాది," అన్నది.

అవమానపడిన మనిషి ఏడుస్తుంది, లేదా కోప్పడుతుంది. అమరావతికి రెండోది అలవాటు. "చెట్టుకు అన్న అని పేరు పెట్టే మనిషి యాడన్నా ఉంటాడా?"

"నేను పెట్టలేదు చెల్లెమ్మా. సీమదేశంలో పెట్టినారు. ఆడ అది ఆడమనిషి పేరంట."

"ఆడమనిషికి అన్న అని పెట్టినారా? బాగుండాది ఆళ్ళ ఇంగితం!"

అసలు కష్టం అప్పుడే మొదలైంది. మొక్క వచ్చింది గాని దానికి చోటు ఈమె చేతిలో ఉంది. ఈమె కాదంటే, ఉగాదికి మా అన్న కట్టెలపాలు. చెంగల్రాయుడు మొక్క సంచిని రెండు చేతులా పట్టుకుని, జీవితంలో మొదటిసారి నెమ్మదిగా మాట్లాడాడు. ఎండ సంగతి చెప్పాడు, రోలు మూల సంగతి చెప్పాడు, ఉగాది గడువు సంగతి చెప్పాడు. "కాయకపోతే పాయె. కానీ దానికి జత లేక కాయలేదని తెలిసినాక కూడా కొట్టేస్తే, మనసొప్పలేదమ్మా," అన్నాడు.

అమరావతి మొక్కను కింది నుంచి పైకి చూసింది. సవతిని చూసినట్టే చూసింది. వాలిపోయిన ఒక ఆకును వేలితో సరిచేసింది.

"చోటిస్తా. ఎండ తగిలే చోటే ఇస్తా. కానీ గోల్డెన్ అనే పేరు నా గడప తొక్కకూడదు. నేనుండంగా అన్నకు జత వదినే. దీని పేరు వదిన. అంతే!" అని ఆటోలో మొక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మునిరత్నానికి సంగతంతా ఇంటికి వచ్చాక తెలిసింది. "అయితే తెచ్చింది చెట్టునా?" అన్నాడు. ఆ గొంతులో ఊరట ఉంది. దాని అడుగున వీసమెత్తు నిరాశ కూడా ఉంది. అమరావతి ఆ వీసమెత్తునే విన్నది. ఆ సాయంత్రం పప్పులో మళ్ళీ ఉప్పు ఎక్కువైంది.

ఆ మార్గశిరంలో గోడకు ఇరువైపులా ఆకులు దూశారు. ఇటు అన్నకు చెంగల్రాయుడు, అటు వదినకు అమరావతి. నన్ను గోడ మీదుగా అందుకుంటూ, అందిస్తూ, రెండు చెట్లకూ చేవలేని కొమ్మలు కోశారు. మాఘంలో రెండూ పూశాయి. అన్న ఒళ్ళంతా పూశాడు. వదిన చిన్నది కదా, మూడు నాలుగు గుత్తులతో ముచ్చటగా పూసింది. ఇక తేనెటీగలు రావాలి. అవి రాలేదు. ఊరి చుట్టూ టమాటా తోటలకు కొట్టిన మందుల వాసనకు అవి ఎటు పోయాయో! పూలు వారంలో రాలిపోతాయి. చెంగల్రాయుడు గోడ పట్టుకుని ఆకాశం వైపు చూశాడు.

"ఈగలే కావాల్నా? ఏదన్నా మెత్తంది ఉంటే మనమే పూస్తే పోలా?" అన్నది అమరావతి. లోపలికి వెళ్ళి ఒక చిన్న బ్రష్షు తెచ్చింది. అది మునిరత్నం మీసానికి రంగు వేసుకునే బ్రష్షు. సబ్బుతో కడిగి, ఎండలో ఆరబెట్టి, వదిన పువ్వుల పుప్పొడి అద్ది ఇచ్చింది. చెంగల్రాయుడు నిచ్చెన ఎక్కాడు. కొమ్మ కొమ్మకూ, గుత్తి గుత్తికీ, పువ్వు పువ్వుకూ వంగి, ఒక్కరినీ వదలకుండా, నిండు బస్సులో ముందునుంచి వెనకదాకా టికెట్లు కొట్టినట్టు అద్దుకుంటూ పోయాడు. ఒకచోట అలవాటు చొప్పున, "జరగండి, ముందుకు జరగండి," అని కూడా అన్నాడు. లోపల మునిరత్నం బ్రష్షు కోసం అలమారాలన్నీ వెతికాడు. ఆ వారం మండీలో ఆయనను అందరూ తాతా అనే పిలిచారు. పాపం ఆయన మీసమే అన్న కాపుకు మొదటి పెట్టుబడి.

రేకులు రాలాయి. ఈసారి రేకుల వెనక పచ్చని పిందెలు మిగిలాయి. మొదట ఆవగింజలంత, తరువాత శనగలంత, తరువాత గోలీలంత. చెంగల్రాయుడు గోలీలంత అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం రోజూ చెప్పాడు. దాక్షాయణి కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి చూసింది. "ఉగాదికి ఇంకా దినాలుండాయి. పూలు కూడా నిలిచినట్టే నిలిచి రాలినాయి," అన్నది. ఆమె చూపు కరివేపాకు డబ్బా మీదికి పోయి వచ్చింది.

ఆమె అన్నది నిజమే. ఒక్కో గుత్తిలో అయిదారు పిందెలు కిక్కిరిసి ఉన్నాయి. అలాగే వదిలితే చెట్టు మోయలేక అన్నింటినీ రాల్చేస్తుంది. గుత్తికి ఒక్కటి ఉంచి మిగతావి కోసెయ్యాలని నర్సరీవాళ్ళు చెప్పారు. చెంగల్రాయుడు నన్ను పట్టుకుని చెట్టు ముందు నిలబడ్డాడు. నా పెదవులు ఒక పిందె తొడిమను పట్టుకున్నాయి. ఆయన వేళ్ళు బిగియలేదు. ఇన్నేళ్ళ ఎదురుచూపు గోలీ అంత అయి నా నోట్లో ఉంది.

"నా వల్ల కాదు మే," అన్నాడు. "నిండు బస్సులోనుంచి కూడా నేనెవుర్నీ దించలేదు."

దాక్షాయణి ఆయనను చూసింది. చెట్టు కొట్టేయిస్తానన్నది ఆమె. డబ్బా తెచ్చి నిలబెట్టింది ఆమె. ఊరక ఉంటే చాలు. పిందెలే రాలేవి, ఉగాదే వచ్చేది, ఆమె మాటే నెగ్గేది. ఆమె చీర చెంగు బొడ్లో దోపి, నన్ను ఆయన చేతిలోనుంచి లాక్కుంది. నిచ్చెన ఎక్కింది. చిక్కుడుకాయలు ఏరినట్టు, ఏది గట్టిదో ఏది బక్కదో వేలితో తడిమి, టక్కు, టక్కు, టక్కు. పిందెలు కింద రాలుతుంటే చెంగల్రాయుడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గోడ అవతలినుంచి అమరావతి ఒక చేట అందించింది.

"పారేయొద్దు దాక్షాయణీ, ఇట్లియ్యి. పుల్లగా ఉంటాయి, ఊరిబిండి పచ్చడి నూరతా."

ఉగాది తెల్లవారింది. తలంటుకున్న దాక్షాయణి తడిజుట్టుతో పెరటిలోకి వచ్చింది. నిమ్మకాయలంత కాయలు, గుత్తికి ఒక్కటి, ఆకుల చాటున గట్టిగా నిలిచి ఉన్నాయి. చెంగల్రాయుడు తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఆమె వంగి కరివేపాకు డబ్బాను ఎత్తి చంకన పెట్టుకుంది. ఇల్లంతా దాటుకుని వెళ్ళి, వీధి గుమ్మం పక్కన గుంత తవ్వి, అక్కడ నాటింది. తిరిగివచ్చి చేతులు కడుక్కుంటూ, "ఏం చూస్తా ఉండావు? ఉడతలు రాకముందే కాయలకు గుడ్డ సంచులు కట్టేది లేదా?" అన్నది.

కాయలు పండింది వైశాఖం దాటాక. మొదటి పండును దాక్షాయణే నాతో కోసింది. గోడ మీదే పెట్టి నాలుగు ముక్కలు చేశారు. మునిరత్నం కొరికి, కళ్ళు మూసుకుని, "మండీకొస్తే రెండో రకం," అని తేల్చాడు. "సగం తీపి వదినది, పులుపంతా అన్నది," అని అమరావతి తేల్చింది. చెంగల్రాయుడు ఏమీ తేల్చలేదు. నమలడం మరచి, అందరి నోళ్ళ వైపూ చూస్తున్నాడు. దాక్షాయణి తన ముక్క మీద ఉప్పూ కారం చల్లుకుని తిన్నది. వేళ్ళు నాకింది. "పాలాయనకు ఒకటి పక్కన పెట్టు," అన్నది. "రేపు అడగనీ."

ఇక నా సంగతి. నా ఎర్రని తొడుగు ఊడిపోయింది. స్ప్రింగు అలసిపోతే దాని స్థానంలో సైకిలు ట్యూబు ముక్క కట్టారు. వదిన చెట్టు కూడా గోడ ఎత్తు దాటింది. రెండు చెట్లకూ ఒకే కత్తెర కనుక, నన్ను ఏ ఇంట్లోనూ పెట్టరు. గోడ మీద పెడతారు. ఇటువారికి అందుతాను, అటువారికి అందుతాను. ఎవరి వస్తువునైనా ఆ ఇంటివారు లోపల దాచుకుంటారు. ఇద్దరి వస్తువును మాత్రం ఎవరో ఒకరు దాచే ఉంటారని ఇద్దరూ నమ్ముతారు. ఈ సాయంత్రం ఉరిమింది. మొదటి చినుకులు పడ్డాయి. రెండు ఇళ్ళలోనూ తలుపులు వేసుకున్నారు.

"వదినా, కత్తెర నీ దగ్గరే కదా?" అని ఇటు కిటికీ అడిగింది.

"నీ దగ్గర లేదా ఏం?" అన్నది అటు కిటికీ.

"ఉంటాదిలే."

"ఉంటాది, ఉంటాది."

ఉన్నాను. తడుస్తున్నాను.